ఊపిరి తీసుకునే చోటు

మా ఆయన గిటార్ వాయిస్తారని తెలిస్తే తణుకులో ఎవరైనా మొదట అనే మాట, "ఏదీ, ఒక సినిమా పాట వాయించండి చూద్దాం" అని. ఆయన మొహమాటంగా నవ్వి, "నాకు రావండి" అంటారు. అవతలివాళ్లు నమ్మరు. ఇంట్లో గిటార్ పెట్టుకుని సినిమా పాట రాదంటే, గరిటె చేతిలో ఉండి పప్పు కలపడం రాదన్నట్టే వాళ్ల లెక్కలో. "మరేం వచ్చండి?" అని అడిగితే అయిపోయారే. జర్మనీ వైపు రెండొందల యాభై ఏళ్ల కిందట రాజుల కొలువుల్లోనూ చర్చిల్లోనూ వాయించిన బరోక్ సంగీతం గురించి మొదలుపెడతారు. ఆ వివరణ సగంలో ఉండగానే వచ్చినవాళ్లకి బస్సు టైమవుతుంది.

ఆయన పేరు జీవరాజు. పంచదార ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చెరుకు రసం పరీక్ష చేసే ఉద్యోగం. పెళ్లికి ముందు రాజమండ్రిలో ఒక మిషన్ ఆసుపత్రిలో టైపిస్టుగా ఉండేవారు. అక్కడ నర్సులకి పాఠాలు చెప్పే అమెరికా మిస్సమ్మగారు ఆయనకి గిటార్ నేర్పింది. దేశం వదిలి వెళ్లిపోతూ గిటారూ, ఒక కట్ట మ్యూజిక్ కాగితాలూ ఈయన చేతిలో పెట్టింది. నైలాను తీగల గిటార్. తీగ తెగితే మద్రాసు నుంచి రావాలి. దానికోసం కుడిచేతి గోళ్లు పెంచి, వాటిని గాజుకాగితంతో నున్నగా అరగదీసుకుంటారు. ఫ్యాక్టరీలో వాళ్లు, "పెళ్లికూతురు గోళ్లండీ జీవరాజుగారివి" అని ఏడిపిస్తే దానికీ నవ్వే.

నేను ప్రసన్నకుమారిని. ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మా లూథరన్ చర్చిలో మాత్రం నేను పాట ఎత్తుకునే మనిషిని. మా చర్చిలో ఒక పద్ధతుంది. వీరాస్వామిగారు హార్మోనియం మీద కీర్తన వరస ఒకసారి వాయిస్తారు. అప్పుడెవరూ నోరు మెదపరు. వరస మళ్లీ మొదటికి వచ్చేసరికి నేను ఊపిరి తీసుకుని మొదటి మాట ఎత్తుకుంటాను. రెండో మాటకి చర్చంతా అందుకుంటుంది. మా సంఘంలో కూలికి వెళ్లే ఆడవాళ్లు ఎక్కువ. పుస్తకం చూసి పాడే అలవాటు లేదు. నా వెనక, నా ఊపిరి పట్టుకునే పాడతారు. కొత్త కీర్తన వస్తే బుధవారం సాయంత్రం చర్చిలో చాపలేసుకుని కూర్చోబెట్టి మాటలు నేర్పేదాన్ని. నాకు ముందు మా అమ్మ ఎత్తుకునేది. అమ్మ పోయాక ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. ఆ చోటు నాది, అంతే.

ఎనభై ఒకటిలో నా మెడలో గడ్డ లేచింది. కోయకపోతే లాభం లేదన్నారు. గడ్డ గొంతు నరాన్ని పట్టుకుని ఉందనీ, ప్రాణానికి ఫర్వాలేదు గానీ గొంతు దక్కుతుందని చెప్పలేననీ డాక్టరుగారు ముందే చెప్పారట. చెప్పింది నాకు కాదు, మా ఆయనకి. ఈయన "ప్రాణం చాలండి" అని చెప్పేసి వచ్చి నా మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలిచి పెట్టారు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. మత్తు దిగాక ఆయన్ని పిలిచాను. కిటికీలోంచి బయటికి చూస్తున్న మనిషి తల తిప్పలేదు. మళ్లీ పిలిచాను. తిప్పలేదు. నేను పిలవడం నాకే వినపడ్డం లేదని అప్పుడు తెలిసింది.

తర్వాత కొంత వచ్చింది. గుసగుస. అది కూడా భరించేదాన్నేమో, ఊపిరే నన్ను నవ్వులపాలు చేసింది. గాలి లోపలికి పీల్చినప్పుడల్లా గొంతులో పాత సైకిలు పంపు కొట్టినట్టు బుస్సుమని ఒక చప్పుడు. మాట వినపడదు గానీ ఈ చప్పుడు గది అవతలికి వినపడుతుంది. బళ్లో పిల్లలు నయం. నేను గుసగుసగా పాఠం చెబితే వాళ్లూ గుసగుసగానే ఒప్పజెప్పేవారు. పక్క క్లాసు మాస్టారొచ్చి, ఈ గదిలో అంత నిశ్శబ్దం ఏంటని తొంగి చూసి వెళ్లేవారు.

చర్చిలో మాత్రం ముందు చాప మీంచి లేచి, తలుపు దగ్గర ఆఖరి బల్లకి మారిపోయాను. నోటికి పమిట అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. బుధవారాలు మానేశాను. పాట ఎత్తుకునే పని అప్పారావుగారు తీసుకున్నారు. మంచి మనిషి. మొదటి మాటే కొబ్బరిచెట్టు మొవ్వలో ఎత్తుకుంటారు. రెండో చరణానికి జనం ఎక్కలేక ఎవరి దారిన వాళ్లు దిగిపోతారు. "నువ్వు ఊరికే ముందు కూర్చో ప్రసన్నా, చాలు" అనేవారు అందరూ. ఊరికే కూర్చోడానికి నేనేమన్నా పూలకుండీనా? ఏసమ్మ ఒక్కతే ఆ మాట అనేది కాదు. ఏసమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లే పెద్దావిడ. ఎప్పుడు కనపడినా ఒకటే ప్రశ్న, "బుధవారం రమ్మంటావా?" అని. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "సరే, వచ్చే బుధవారం అడుగుతాలే" అని వెళ్లిపోయేది.

మరుసటి ఏడాది కోతపండుగకి, నేను మానేశాక పాటల బృందం చెదిరిపోయి ఉందని, అయ్యగారు మా ఆయన్ని గిటార్ వాయించమన్నారు. మా పాస్టరుగారిని మేం అయ్యగారనే అంటాం. ఈయన సరేనన్నారు. జనం ముందు ఎప్పుడూ వాయించి ఎరగని మనిషి. వాయిస్తానన్నది సారబాండ్ అనే పాతకాలపు నెమ్మది నాట్యం వరస. ఫ్యాక్టరీ నుంచి రాగానే ఎడమకాలి కింద ఇటుక పెట్టుకుని వసారాలో కూర్చునేవారు. నేను బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని.

ఒక్క తప్పు పోదు. ఏ తీగ మీద ఏ వేలు పడాలో అదే పడుతుంది. అయినా ఎక్కడా ప్రాణం లేదు. ప్రతి స్వరం పక్క స్వరంతో సమానంగా, చూరు నీళ్లు కారినట్టు కారుతూనే ఉంటుంది. కొన్నాళ్లు ఊరుకున్నాను. ఆ రోజుల్లో నాకు అందరి మీదా కోపమే, ఆయన మీద ఇంకొంచెం ఎక్కువ. ఒక సాయంత్రం ఉండబట్టలేక అన్నాను.

"ఏంటండీ అది, టైపు కొడుతున్నట్టు?"

ఆయన వాయించడం ఆపి చూశారు. కోపం రాలేదు. కాగితం నా ముందు పెట్టారు.

"చూడు, ఇందులో స్వరాలు తప్ప ఇంకేమీ ఉండవు. ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా, ఎక్కడ ఆగాలి, ఏదీ రాయరు. ఆ కాలంవాళ్లు రాసేవారు కాదు. వాయించేవాడికి తెలుసునని వదిలేసేవారు. ఊపిరి కాగితం మీద ఉండదు, నువ్వే తెచ్చుకోవాలి అనేది మిస్సమ్మగారు. ఆవిడ వెళ్లిపోయాక నాకు చెప్పేవాళ్లు లేరు."

కాసేపు తీగలు తుడిచి, తల ఎత్తకుండా అడిగారు. "ఇది కీర్తనైతే, నువ్వు ఎక్కడ ఊపిరి తీసుకుంటావు?"

చేటలో బియ్యం అలాగే పక్కన పెట్టేసి లేచాను. "నా ఊపిరి సంగతి మీకెందుకండీ? నా గొంతు నన్నడక్కుండా ఇచ్చేసి వచ్చినవారు!"

ఆ మాట ఏడాదిగా లోపల పెట్టుకున్నది. అరవాల్సిన మాట గుసగుసగా వచ్చేసరికి నాకే చీదరేసింది. ఆయన గిటార్ ఒళ్లోంచి తీసి గోడకి ఆనించారు.

"అడిగితే గొంతే కావాలనేదానివి. నాకు తెలుసు. అందుకే అడగలేదు." ఆయన గొంతు కూడా నా గొంతులాగే అయిపోయింది. "పాట లేకపోయినా నాకు నువ్వు కావాలి ప్రసన్నా. తప్పో ఒప్పో, అంతే."

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. పొయ్యి మీద అన్నం గంజి పొంగి పోతోంది. దాన్ని వార్చి, మొహం కడుక్కుని, అద్దంలో మెడ మీది గాటు చూసుకున్నాను. నన్ను అడిగి ఉంటే నిజంగానే గొంతు అనేదాన్ని. అమ్మలాగే పాట ఎత్తుకుంటూ పోతానని మొండికేసేదాన్ని. అది ఈయనకి తెలుసు. ఇంతగా తెలిసిన మనిషి మీద ఎంతకాలమని కోప్పడతాం? వసారాలోకి వచ్చి ఆయన మోకాలి పక్కన కింద కూర్చున్నాను.

"వాయించండి."

ఆయన వాయించారు. పాడాలనిపించిన చోట నేను ఊపిరి తీసుకున్నాను. బుస్సుమంది. సిగ్గేసింది గానీ ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆయన అక్కడ కాగితం వైపు చూడలేదు, నా వైపు చూశారు. మర్నాటి నుంచి అదే పని.

మొదట్లో నా ప్రాణం తీశారు. ఊపిరి అంటే ఆగడమే అనుకుని, పాసింజరు బండిలా ప్రతి చెట్టుకీ ఆగేవారు. "అన్నిచోట్లా దిగక్కర్లేదండీ," అన్నాను. "ఇక్కడ మాట అయిపోలేదు, దొంగ ఊపిరి తీసుకోవాలి, ఎవరికీ తెలియకుండా. అదిగో, అక్కడ మాట అయిపోయింది. అక్కడ నింపాదిగా తీసుకోండి, ఎవరూ తరమట్లేదు." మొదటి వాక్యం అడుగుతోంది, రెండోది జవాబు చెబుతోంది. ప్రశ్న మధ్యలో ఆగితే జవాబుకి విలువుండదు. మూడు దెబ్బల తాళంలో సారబాండుకి రెండోదాని మీద బరువుండాలని మిస్సమ్మగారు చెప్పిందట. ఈయన అక్కడ తీగని గట్టిగా కొట్టేవారు. "కొట్టడం కాదండీ, ఆనుకోవాలి. అలిసిపోయినవాళ్లు గుమ్మానికి ఆనుకోరూ, అలా" అని నేను ఆయన భుజానికి ఆనుకుని చూపించాను. ఆ తర్వాత ఆ తప్పు మళ్లీ చేయలేదు గానీ, ఇంకోసారి చూపించమని మాత్రం అడిగేవారు.

ఇంకో చిక్కు, ఆ వరసలో పాట ఒకటి కాదు, రెండు. పై తీగల మీద ఒకటి నడుస్తుంటే కింద లావు తీగల మీద ఇంకొకటి నడుస్తుంది. ఈయన రెండూ ఒకే జోరున వాయించేవారు.

"పైన మాట్లాడేది ఆవిడ, కింద ఆయన," అన్నాను. "ఆవిడ మాట్లాడేటప్పుడు ఆయన కొంచెం తగ్గాలి."

"మనింట్లోలాగానా?"

"మనింట్లోలాగానే."

ఆ సంగీతంలో ప్రతి సగాన్నీ రెండేసిసార్లు వాయించాలట. మొదటిసారి సాదాగా, రెండోసారి స్వరాన్ని చిన్నగా వణికించే కంపితాలూ మెరుపులూ పెట్టి. అవి కూడా కాగితం మీద ఉండవు, వాయించేవాళ్ల ఇష్టం. ఇది నాకు వెంటనే అర్థమైంది. పల్లవి తిరిగి వచ్చినప్పుడు మేం మాత్రం కొంచెం మార్చి సంగతి వెయ్యమా? కానీ ఈయన తెలిసినవన్నీ ఒకచోటే పెట్టేశారు. "పిల్లకి ఊరి నగలన్నీ పెట్టి మొహం కనపడకుండా చేశారు. మెళ్లో ఒక్క గొలుసు ఉంచి అన్నీ తీసెయ్యండి" అన్నాను. ఒక్కొక్కటే తీశారు. రెండోసారి మొదలయ్యేచోట ఒక్క కంపితం మిగిలింది. అది విన్నప్పుడు నా మెడ మీది గాటు దగ్గర నేను పాడుతున్నట్టే కదిలింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

పండుగ ముందురోజు ఆయన అడిగారు. "రేపు ముందు కూర్చో ప్రసన్నా. నాకు కనపడేలా."

"నేను రాను. ఆఖరి బల్ల నాకు బాగానే ఉంది."

"నువ్వు ఊపిరి తీసుకోవడం కనపడకపోతే నేను మళ్లీ టైపు కొడతాను."

ఆయన పరువు కోసం ముందు చాప మీద కూర్చున్నాను. పాత చోటే. పమిట మాత్రం నోటి మీంచి తియ్యలేదు. చర్చి నిండా వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. బయట చెరుకు బళ్లు పోతున్నాయి. ఫ్యాక్టరీ బెల్లపు మడ్డి వాసన లోపలికి వస్తూనే ఉంది. అయ్యగారు లేచి, "ఇప్పుడు జీవరాజుగారు దేవుని మహిమకి ఒక కొత్త వరస వాయిస్తారు" అన్నారు. ఆ మాట దగ్గరే తిరకాసంతా జరిగింది. మా చర్చిలో కొత్త వరస అంటే కొత్త కీర్తన. వాయించి ఊరుకునేది ఒకటి ఉంటుందని మావాళ్లకేం తెలుసు?

ఈయన మొదలుపెట్టారు. సాదాగా, నింపాదిగా. ఆగాల్సిన చోట ఆగారు, ఆనుకోవాల్సిన చోట ఆనుకున్నారు. పమిట చాటున నేను ఊపిరి తీసుకుంటున్న చోటల్లా ఆయన కూడా తీసుకున్నారు. కోళ్లు కూడా కూయలేదు. మొదటి సగం అయిపోయింది. మళ్లీ మొదటికి రావాలి.

అప్పుడు నా వెనక చాపల మీద చీరలు కదిలిన చప్పుడైంది. అందరూ సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. వరస ఒకసారి అయిపోయింది, ఇక మనం అందుకోవాలి. చర్చంతా ఒక్కసారే గుండెల నిండా గాలి పీల్చుకున్న చప్పుడు వినపడింది. ఈయన చెయ్యి తీగల మీద ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే, చర్చి నిండా తెరుచుకుని ఉన్న నోళ్లు.

ఎవరూ పాడలేదు. మాటలు తెలియవు. అప్పారావుగారికీ తెలియవు. కొత్త పాట ఎప్పుడూ ఎవరి దగ్గర్నుంచి వస్తుందో అటే అందరూ తిరిగారు. ఏసమ్మ, అప్పారావుగారు, హార్మోనియం వెనక వీరాస్వామిగారు, అందరూ నన్నే చూస్తున్నారు. ఏడాదిగా నోరు విప్పని నన్ను.

అక్కడే భూమిలోకి పోదామా అనిపించింది. ఈయన మీద మళ్లీ కోపం వచ్చింది. ఒక్క తీగ కదిపితే చాలు, ఓహో ఇది వినేది కాబోలు అని జనం సర్దుకుంటారు, నా గండం గడిచిపోతుంది. వాయించరేం? ఆయన వైపు చూశాను. ఆయన కంగారు పడ్డం లేదు. వసారాలో నా ఊపిరి కోసం ఎలా చూసేవారో అలాగే చూస్తున్నారు. ఎంతసేపైనా ఆగుతారని అర్థమైంది. ఆ మనిషిని అంత ప్రేమించిన క్షణం నా పెళ్లినాడు కూడా లేదు.

పమిట కిందికి దించాను. ఊపిరి తీసుకున్నాను.

బుస్సుమని ఆ చప్పుడు చర్చి కప్పు దాకా వెళ్లింది. ఏ చప్పుడు వినపడకూడదని ఆఖరి బల్ల మీద దాక్కున్నానో అది ప్రతి ఒక్కరికీ వినపడింది. సరిగ్గా దాని చివర ఆయన అందుకున్నారు, ఆ ఒక్క కంపితంతో. ఎవరూ నవ్వలేదు. మాటల్లేవు కనక ఎవరూ పాడలేదు. కానీ తర్వాతి వాక్యం దగ్గర నేను ఊపిరి తీసుకుంటే నా వెనక ఏసమ్మ తీసుకుంది. ఆ తర్వాత దానికి ఆమె చాప మీద వాళ్లంతా తీసుకున్నారు. ఇన్నేళ్లు నా వెనక పాడినవాళ్లు, వాళ్లకి ఒకరు చెప్పాలా? ఆఖరి స్వరం దాకా మేమందరం అలాగే వెళ్లాం. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

ఆరాధన అయ్యాక బయట గుమ్మడికాయల వేలం జరుగుతుంటే ఏసమ్మ నా దగ్గరికొచ్చింది.

"వరస బాగుంది పెసన్నమ్మా. మాటలెప్పుడు నేర్పుతావు?"

"దానికి మాటల్లేవు ఏసమ్మా. ఊరికే వినేది అది."

"మాటల్లేకపోతే నువ్వెందుకు ఎత్తుకున్నావు మరి? మేమందరం విన్నాం గదా."

"నాకు గొంతు లేదు," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"లేకపోతే దగ్గరికొచ్చి కూచుంటాం." అదేదో కూర్చునే చోటు సంగతన్నట్టే అంది. "ఇంతకీ బుధవారం రమ్మంటావా, వద్దంటావా?"

మా ఆయన వైపు చూశాను. మెట్ల మీద కూర్చుని గిటార్ తీగలు తుడుస్తూ, మా మాటలు తనకి వినపడనట్టు నటిస్తున్నారు. నటన ఆయనకి ఎప్పుడూ రాదు.

"రండి," అన్నాను ఏసమ్మతో. "అందరినీ తీసుకురా. ఆలస్యంగా వస్తే మాత్రం ఊరుకోను."